అద్దె లెక్క ఎవరు వేయాలి?

1957లో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సమ్మేళనం, ఒక కుటుంబం బతకడానికి కనీసం ఎంత కావాలో పద్దు రాసింది. సంపాదించేది ఒక్కరు. భార్యాబిడ్డల తిండి కలుపుకుంటే ఆ ఇల్లు మూడు ‘వినియోగ యూనిట్లు’. యూనిట్‌కు రోజుకు 2,700 క్యాలరీల తిండి. నలుగురికి కలిపి ఏడాదికి 72 గజాల బట్ట. వంటచెరకు, దీపం, పైఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. కనీస వేతనం మీద ఆ తర్వాత ఈ దేశంలో జరిగిన వాదోపవాదాలన్నీ తిరిగి తిరిగి ఈ పద్దు దగ్గరికే వచ్చాయి. రెప్టకోస్ బ్రెట్ కేసులో 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలన్నప్పుడు కూడా పునాది ఇదే.

ఆ పద్దులో ఇంటి అద్దెకూ ఒక పంక్తి ఉంది. ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం కింద ఇచ్చే అతి చిన్న ఇంటికి ఎంత అద్దె ఉంటుందో అంత వేసుకోవాలని అందులో రాశారు. తిండిని క్యాలరీల్లో, బట్టను గజాల్లో కొలిచిన పెద్దలు అద్దెను కొలవలేదు. కార్మికుడికి ప్రభుత్వమే ఇల్లు కడుతుందని, ఆ ఇంటికి అద్దె కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుందని వాళ్లు నమ్మారు. ఆ రోజుల్లో అది అత్యాశేమీ కాదు. కానీ ఆ ఇళ్లు చాలినన్ని రాలేదు. పంక్తి మాత్రం మిగిలింది.

అరవై ఏళ్లు గడిచాక అదే పంక్తిని మళ్లీ రాశారు. 2019 వేతనాల కోడ్ కింద కేంద్రం ప్రచురించిన ముసాయిదా నియమాల్లో ఇంటి అద్దెకు ఒక సూత్రం ఉంది: తిండికి, బట్టకు అయ్యే ఖర్చులో 10 శాతం. ఒక కుటుంబానికి ఆ రెండిటికీ కలిపి నెలకు 12,000 రూపాయలు అవుతాయనుకుంటే అద్దెకు 1,200. హైదరాబాద్‌లో బోరబండలోనైనా జగద్గిరిగుట్టలోనైనా 1,200కు కుటుంబం ఉండే గది దొరకదు. తలుపున్న గదే దొరకదు. అదే ఏడాది అనూప్ సత్పతి కమిటీ రోజుకు 375 రూపాయల జాతీయ కనీస వేతనాన్ని సూచిస్తూ, పట్నాల్లో పనిచేసేవారికి అద్దె కోసం సగటున రోజుకు మరో 55, అంటే నెలకు 1,430 రూపాయలు విడిగా ఇవ్వాలని చెప్పింది. మొత్తం చిన్నదే. అయినా పట్నం అద్దె వేరు, ఊరి అద్దె వేరు అన్న సంగతిని ఒప్పుకున్నందుకు ఆ నివేదికకు విలువ ఉంది.

స్మారక ఉపన్యాసానికి అద్దె మరీ చిన్న విషయమని సభికుల్లో కొందరికి అనిపించవచ్చు. ఇలాంటి వేదికల మీద రాజ్యాంగం గురించో, భాష గురించో, చరిత్ర గురించో మాట్లాడతారు. కానీ ఒక నగరం తన కోసం పనిచేసే మనుషుల్ని ఎంత మర్యాదగా చూస్తుందో తెలియాలంటే, ఒకటో తారీఖున వాళ్ల చేతిలోంచి ఎంత పోతుందో, పోయాక ఏం మిగులుతుందో చూడడం కంటే దగ్గరి దారి లేదని ఈ వక్త నమ్మకం.

ప్రభుత్వానికి అద్దె లెక్క తెలియదని కాదు. తన ఉద్యోగుల విషయంలో బాగా తెలుసు. ఏడో వేతన సంఘం తర్వాత హైదరాబాద్ లాంటి ఎక్స్ తరగతి నగరాల్లో కేంద్ర ఉద్యోగికి మూల వేతనంలో 24 శాతం ఇంటి అద్దె భత్యం ఇచ్చారు. కరువు భత్యం 25 శాతం దాటగానే దాన్ని 27కు, 50 శాతానికి చేరాక 2024 జనవరి నుంచి 30కి పెంచారు. ధరలు పెరిగితే అద్దె పెరుగుతుంది, అద్దె పెరిగితే జీతం పెరగాలి అన్న న్యాయం ఆ ఉత్తర్వులోనే ఉంది. మంచి న్యాయం. ఆ ఉద్యోగి కూర్చునే ఆఫీసును పొద్దున్నే ఊడ్చే మనిషికి, గేటు దగ్గర రాత్రంతా నిలబడే మనిషికి ఈ న్యాయం అందదు. వాళ్లు ఏజెన్సీ మనుషులు. వాళ్ల కూలిలో అద్దె ఎంత అని అడిగితే ఏజెన్సీ చెప్పలేదు, కార్మిక శాఖ చెప్పలేదు. ఒకే కప్పు కింద పనిచేసే ఇద్దరిలో ఒకరి అద్దెను సర్కారు శాతాల్లో లెక్కగడుతుంది. రెండోవారి అద్దె వాళ్ల సొంత గొడవ.

ఇక దేశం మొత్తానికి వేసే లెక్కలు చూడాలి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ భారతంలో మనిషి సగటు నెల ఖర్చు 6,459 రూపాయలు. అందులో అద్దె వాటా 6.56 శాతం. నలుగురున్న ఇంటికి లెక్క వేస్తే నెలకు సుమారు 1,700 రూపాయలు. ప్రయాణ ఖర్చుల వాటా 8.59 శాతం, అంటే అద్దె కంటే ఎక్కువ. ఈ అంకెను పట్టుకుని భారతీయ నగరాల్లో అద్దె భారమే కాదని వాదించేవారు ఉన్నారు. కానీ ఆ సగటులో సొంతింటివాళ్లూ ఉన్నారు. వాళ్లు అద్దె కట్టరు కాబట్టి వాళ్ల వంతుగా లెక్కలో సున్నా పడుతుంది. 2011 జనగణన నాటికి పట్టణ కుటుంబాల్లో అద్దెకు ఉన్నవి 27 శాతం పైచిలుకు. నలుగురిలో ఒక్కరు మోసే బరువును నలుగురి భుజాల మీదా పరిచి, చూడండి ఎంత తేలికో అన్నట్టుంది ఈ సగటు. విచిత్రం ఏమిటంటే, ధరల పెరుగుదలను కొలిచే 2012 ఆధారిత వినియోగదారుల ధరల సూచీ పట్టణాల్లో గృహవసతికి ఏకంగా 21.67 శాతం బరువు ఇచ్చింది. సొంతింటివాళ్లు కూడా అద్దె కడుతున్నట్టు ఊహించి వేసిన బరువు అది. ఒకే దేశం, ఒకే పట్నం, రెండు పద్దులు. అద్దెకుండే మనిషి రెండిటిలోనూ కనిపించడు.

ఇంటి ఖర్చు ఎంతైతే భారం? ఈ ప్రశ్న కొత్తది కాదు. బెర్లిన్‌లో గణాంకాలు చూసే హెర్మన్ ష్వాబె 1868లోనే ఒక సంగతి గమనించాడు: ఆదాయం ఎంత తక్కువైతే, అందులో అద్దె మింగే వాటా అంత ఎక్కువ. అమెరికాలో 1969లో ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదల దగ్గర ఆదాయంలో 25 శాతానికి మించి అద్దె తీసుకోకూడదని చట్టం తెచ్చారు. 1981లో దాన్ని 30 చేశారు. ప్రపంచమంతా ఇవాళ వల్లించే ‘30 శాతం’ సూత్రం అలా పుట్టింది. ఒక ప్రభుత్వం తన బడ్జెట్ సర్దుకోవడానికి ఎంచుకున్న అంకె అది. మనిషి అవసరాలను తూచి తేల్చిన అంకె కాదు.

హైదరాబాద్‌లో ఆ సూత్రం ఎక్కడ తప్పుతుందో రెండు ఇళ్లను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నెలకు లక్షా యాభై వేలు వచ్చే ఇంట్లో 30 శాతం అద్దెకు పోతే 45,000. మిగిలేది లక్షా ఐదు వేలు. నెలకు 18,000 వచ్చే ఇంట్లో అదే 30 శాతం పోతే 5,400. మిగిలేది 12,600. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, పాలు, పిల్లల ఫీజు, బస్సు, ఊళ్లో ముసలివాళ్లకు పంపే డబ్బు, చిట్టీ అన్నీ ఆ 12,600లోంచే. శాతం ఒకటే, బతుకులు వేరు. అందుకే అద్దె ఎంత అని అడిగి ఊరుకోకూడదు. అద్దె పోగా మిగిలినదాంతో ఇల్లు గడుస్తుందా అని అడగాలి. అలా అడిగితే ఈ నగరంలో 10 శాతం అద్దె కూడా మోయలేని ఇళ్లు బయటపడతాయి. 40 శాతం కట్టి నిశ్చింతగా ఉన్న ఇళ్లూ కనిపిస్తాయి.

నైట్ ఫ్రాంక్ అనే స్థిరాస్తి సంస్థ వేసే గృహ స్థోమత సూచీలో 2023కు హైదరాబాద్ అంకె 30 శాతం. సగటు కుటుంబం ఒక మామూలు ఫ్లాటు కొంటే ఆదాయంలో అంత వాయిదాలకు పోతుందని దాని అర్థం. ముంబయి 51తో దేశంలో అన్నిటికంటే పైన ఉంది, హైదరాబాద్ రెండో స్థానం. అహ్మదాబాద్ 21. అప్పు పుట్టే ఇళ్లకు ఇది పనికొచ్చే కొలత. జీతం స్లిప్పు లేని ఇంటికి బ్యాంకు తలుపే తెరుచుకోదు, ఇక వాయిదా శాతంతో పనేముంది? మధ్యతరగతి లెక్క కూడా చూద్దాం. 60 లక్షల ఫ్లాటు, అందులో 48 లక్షలు అప్పు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెల వాయిదా దాదాపు 41,600. మన నగరాల్లో ఇంటి మీద అద్దె రాబడి మామూలుగా ఏడాదికి ధరలో రెండు నుంచి నాలుగు శాతం మధ్య ఉంటుంది. మూడు శాతం అనుకుంటే అదే ఫ్లాటు అద్దె 15,000. అంటే ఈ నగరంలో అద్దెకుండడం తప్పు చేయడం కాదు, చాలామందికి అదొక్కటే తెలివైన లెక్క. అయినా అద్దెకుండే మనిషిని ఇంకా ఏదో సాధించలేకపోయినవాడిగానే చూస్తున్నాం. చుట్టాలే కాదు, పథకాలూ అలాగే చూస్తున్నాయి.

హైదరాబాద్‌లో కిరాయి ఇల్లంటే ఎక్కువ భాగం పోర్షన్లు. వంద, నూటయాభై గజాల జాగాలో కింద ఓనరు, పైన రెండు మూడు పోర్షన్లు, మేడ మీద రేకుల గది. రిటైరైన గుమాస్తాకు ఆ పోర్షనే పింఛను. భర్త పోయిన ఆమెకు పై అంతస్తు కిరాయే జీవనాధారం. ఈ నగరానికి అద్దె ఇళ్లు ఇచ్చింది కార్పొరేషనూ కాదు, కంపెనీలూ కాదు. ఇలాంటి చిన్న చిన్న యజమానులే తమ పొదుపుతో కట్టి ఇచ్చారు. వాళ్లను దోషులుగా నిలబెట్టే ఉద్దేశం ఈ ఉపన్యాసానికి లేదు. లక్షల మందికి తలదాచుకునే చోటు చూపించే పని వాళ్లకే వదిలేసి నగరం చేతులు దులుపుకుందన్నదే ఇక్కడి ఫిర్యాదు.

ఆ పోర్షన్లలో అద్దె ఒక్కటే కట్టి ఎవరూ బయటపడరు. రెండు నెలల అడ్వాన్సు. బ్రోకరు ఉంటే అతనికి కమిషన్. మెయింటెనెన్స్, నీళ్ల మోటారు, చెత్తబండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరు చెప్పి అడ్వాన్సులో కోత. కరెంటుకు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఓనరు చెప్పిన రేటు. 2024లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు అద్దెదారులకూ వర్తిస్తుంది. మంచి నిర్ణయం. కానీ మూడు పోర్షన్లకు ఒకటే మీటరు ఉన్న ఇంట్లో ఆ 200 యూనిట్లు ఏ పోర్షన్ వాళ్లవి? అద్దె ఒప్పందం 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కనుక. పదకొండు నెలలు కాగానే మళ్లీ బేరం. పిల్లాడి బడి మధ్యలో ఉండగా సామాను సర్దుకోవడం అద్దె ఇళ్లలో పెరిగిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే.

డబ్బు ఉన్నా ఇల్లు దొరకని వాళ్ల సంగతి ఇంకా కష్టం. ‘వెజిటేరియన్స్‌కు మాత్రమే’, ‘బ్యాచిలర్స్‌కు ఇవ్వబడదు’ అని రాసి ఉన్న టులెట్ బోర్డులు అందరూ చూసినవే. వాటి వెనక ఉన్న ప్రశ్న బోర్డు మీద ఉండదు, పేరు అడిగాక, ఊరు అడిగాక, ఇంటిపేరు అడిగాక వస్తుంది. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల ఇళ్లు వెతికే ప్రయోగం చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తరహా ఉద్యోగం, ఒకే తరహా జీతం చెప్పినా దళితులకూ ముస్లింలకూ ఇల్లు దొరకడం అగ్రకులాల వారి కంటే కష్టమని తేలింది. ఇల్లు దొరికినా ఎక్కువ అద్దె, అదనపు షరతులు. హైదరాబాద్‌లో ఈ కొలత ఎవరైనా శ్రద్ధగా తీయాలి. తీయనంత కాలం, కులం వల్ల కట్టే అదనపు అద్దె ఏ సర్వేలోనూ పడదు.

ఐటీ కారిడార్ పక్కనే సిద్ధిఖ్‌నగర్, అంజయ్యనగర్ ఉన్నాయి. 50, 60 గజాల జాగాల్లో ఐదారంతస్తులు లేపి గదికి ముగ్గురు, నలుగురు చొప్పున షేరింగ్ ఇచ్చే హాస్టళ్లు అక్కడ వరసగా కనిపిస్తాయి. 2024 నవంబరులో సిద్ధిఖ్‌నగర్‌లో అలాంటి ఒక ఎత్తైన భవనం పక్కకు ఒరిగింది. మనుషుల్ని బయటికి పంపి అధికారులు దాన్ని కూల్చేశారు. అనుమతి లేని కట్టడాలని అందరూ అన్నారు, నిజమే. మరి ఆ వీధికి అరగంట నడకలో ఉన్న అద్దాల మేడల్లో వంటచేసేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఉండడానికి అనుమతి ఉన్న చోటు నగర ప్రణాళికలో ఎక్కడ చూపించారు?

ఈ నగరం ఎప్పుడూ ఇలా లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకున్నాక, నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. తర్వాతి కాలంలో ఏడో నిజాం కుమారుడు మొఅజ్జం జా దానికి అధ్యక్షుడు. మొజంజాహీ మార్కెట్ ఆయన పేరు మీదిదే. ఆ బోర్డును జనం వెడల్పాటి రోడ్లకు, మార్కెట్లకు గుర్తుపెట్టుకున్నారు. అది చేసిన మరో పని అంతకంటే గొప్పది. నాంపల్లి, మొఘల్‌పురా, సుల్తాన్‌షాహి, మల్లేపల్లి వంటి చోట్ల గాలీ వెలుతురూ లేని ఇరుకు వాడలను తీసేసి, వరసగా చిన్న పక్కా ఇళ్లు కట్టి మామూలు జనానికి తక్కువ అద్దెకు ఇచ్చింది. ఇళ్లను ఆదాయాన్ని బట్టి తరగతులుగా కట్టారు. సి.ఐ.బి. క్వార్టర్స్ అన్న పేరు ఖైరతాబాద్ వైపు ఇప్పటికీ వినిపిస్తుంది. రాచరికపు పాలనకు ఎన్ని లోపాలున్నా, పేదవాడి అద్దె పాలకుడి బాధ్యత అని ఆ బోర్డు ఆచరించి చూపింది.

దాదాపు అదే కాలంలో యూరప్‌లో వియన్నా నగరపాలక సంస్థ ఇలాంటి పనే పెద్ద ఎత్తున చేసింది. ఆర్థిక వ్యవహారాలు చూసే హ్యూగో బ్రైట్నర్ 1923లో ఇళ్ల నిర్మాణానికంటూ ప్రత్యేక పన్ను వేశాడు. పెద్ద ఇళ్లకు ఎక్కువ, చిన్న ఇళ్లకు నామమాత్రం. ఆ డబ్బుతో 1934లోపు 60 వేలకు పైగా ఇళ్లు లేచాయి. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అన్న ఒక్క సముదాయంలోనే 1,382 ఇళ్లు. ఇవాళ వియన్నా నగరం చేతిలో సుమారు 2,20,000 అద్దె ఇళ్లున్నాయి. వియన్నా తన ఇళ్లను అమ్ముకోలేదు. హైదరాబాద్ కథ అక్కడే దారి మళ్లింది.

1956 చట్టం కింద వచ్చిన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చాలా ఇళ్లు కట్టింది. విజయనగర్ కాలనీ, సంజీవరెడ్డి నగర్, ఆ తర్వాత కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అన్న మాటలు తెలుగిళ్లలో చిరునామాలుగా మారాయి. బస్సు కండక్టర్లు, టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు వాయిదాల మీద కొనుక్కుని స్థిరపడ్డారు. ఆ కాలనీలు ఒక తరాన్ని నిలబెట్టాయి, వాటిని తక్కువ చేయడం తగదు. కానీ ప్రతి ఇల్లూ అమ్ముడై, ఒక్కో ఎల్ఐజీ జాగాలో నాలుగంతస్తులు లేచి, హాస్టళ్లయి, షాపులయ్యాక తర్వాత వచ్చినవాళ్ల కోసం బోర్డు చేతిలో ఏమీ మిగల్లేదు. ఇంకోవైపు పని ఇచ్చినవాడే ఇల్లు ఇచ్చే పద్ధతి ఉండేది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్, సికింద్రాబాద్‌లో రైల్వే క్వార్టర్లు, విశాఖలో ఉక్కునగరం, గోదావరిఖని నుంచి కొత్తగూడెం దాకా సింగరేణి క్వార్టర్లు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలకు నెల మొదటి వారపు అద్దె భయం తెలియదు. వాళ్లలో ఎంతోమంది ఇంజనీర్లై వచ్చి చేరిన కంపెనీలు ఎవరికీ క్వార్టర్ ఇవ్వవు.

ఇళ్లు తక్కువ పడ్డాయి కాబట్టి ఎక్కువ కట్టనిస్తే ధరలు దిగుతాయన్న వాదన ఉంది. కొంత నిజం. అయితే హైదరాబాద్ ఆ ప్రయోగం ఇప్పటికే చేసింది. స్థలం ఎంతుంటే దాని మీద ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్ఎస్ఐ పరిమితిని ఇక్కడ 2006లోనే ఎత్తేశారు. నార్సింగి, కోకాపేటల్లో యాభై అంతస్తుల మేడలు లేవడానికి అదే కారణం. లేచిన మేడల్లో ఏముంది? 2023లో దేశంలోని పెద్ద నగరాల్లో కొత్త ఫ్లాటు సగటు సైజు హైదరాబాద్‌లోనే ఎక్కువని స్థిరాస్తి సంస్థలే చెప్పాయి. జీఎస్టీ కోసం 2019లో ‘అందుబాటు గృహం’ అంటే 45 లక్షల లోపు, మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్ల లోపు అని నిర్వచించి, పన్ను ఒక్క శాతానికి తగ్గించారు. ఆ పన్ను రాయితీ కోసం ఐటీ కారిడార్‌లో చిన్న ఫ్లాట్లు కట్టే బిల్డర్ కోసం వెతకాలి. భూమి ధర చూస్తే కారణం అర్థమవుతుంది.

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్ఎండీఏ 45.33 ఎకరాలు వేలం వేసింది. ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. గజం రెండు లక్షల పైమాటే. సగటున ఎకరానికి 73.23 కోట్లు, మొత్తం 3,319.60 కోట్లు. రాష్ట్రమంతా ఆ రోజు ఆ అంకెను పండగలా చెప్పుకుంది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు అమ్మి ఆ రికార్డునూ చెరిపేశారు. ఖజానాకు డబ్బు రావాలి, అందులో తప్పు లేదు. కానీ అమ్మేది సర్కారు భూమి. వేలంలో వచ్చిన ధర చుట్టుపక్కల ప్రతి గజానికీ కొత్త కొలబద్ద అవుతుంది. ఆ గజం ధర పెరిగితే దాని మీదున్న పోర్షన్ కిరాయి పెరుగుతుంది. ప్రభుత్వం ఒక చేత్తో భూమి ధరను ఎగదోస్తూ, రెండో చేత్తో పేదలకు ఇళ్లిస్తోంది. రెండు చేతులూ ఒకే ఒంటివైనా ఒకదాని లెక్క ఇంకోదానికి తెలియడం లేదు.

ఆ రెండో చెయ్యి ఇచ్చినదీ తక్కువేం కాదు. 2015 నవంబరులో సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు అక్కడి వాళ్లకే ఇచ్చారు. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, లబ్ధిదారు కట్టాల్సింది ఏమీ లేదు. వాళ్లు ఉన్నచోటే కట్టారు కాబట్టి పిల్లల బడి మారలేదు, పని మారలేదు. ఇంతవరకు ఈ రాష్ట్రంలో జరిగిన మంచి గృహనిర్మాణ పనుల్లో అదొకటి. దాని పక్కన 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరును పెట్టి చూడాలి. 145 ఎకరాలు, 15,660 ఇళ్లు, సుమారు 1,489 కోట్ల ఖర్చు. కట్టడం గట్టిది, ఇల్లు మంచిది. కానీ అది ఔటర్ రింగు రోడ్డు దగ్గర, సంగారెడ్డి జిల్లాలో ఉంది. పాతబస్తీలోనో ముషీరాబాద్‌లోనో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆడమనిషికి అద్దె పోయింది, దానితోపాటు పనీ పోయింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది కనుక డబ్బు మిగిలింది, రానూపోనూ గంటలు మిగల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి లక్షల మందికి పట్టాలు ఇచ్చినప్పుడు పట్టణాల్లో కుటుంబానికి ఒక సెంటు స్థలం. అక్కడా ఎన్నో లేఅవుట్లు ఊరికి దూరంగా పడ్డాయి. పట్టా ఉన్నా పని దగ్గర అద్దె గదిలోనే ఉండిపోయిన కుటుంబాలు అందుకే ఉన్నాయి.

ఇక్కడే ఈ ఉపన్యాసం చెప్పదలచిన అసలు మాట ఉంది. మన గృహ విధానం అంతా సొంతిల్లు చుట్టూ తిరుగుతోంది. ఇస్తే ఇల్లు ఇవ్వాలి, లేకపోతే అప్పు ఇవ్వాలి, అదీ కాకపోతే పట్టా ఇవ్వాలి. అద్దెకుండే మనిషిని అద్దెదారుగానే ఆదుకోవాలన్న ఆలోచన రాలేదు. పల్లె నుంచి వచ్చిన మేస్త్రీకి ఇక్కడ సొంతిల్లు అక్కర్లేకపోవచ్చు, ఊళ్లో ఇల్లుంది. ఉద్యోగం కోసం కర్నూలు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన అమ్మాయికి కావాల్సింది మూడేళ్లపాటు భయం లేని గది. ఇలాంటివాళ్లు లబ్ధిదారుల జాబితాలో ఎప్పటికీ చేరరు. 2012లో అమితాబ్ కుండు అధ్యక్షతన సాంకేతిక బృందం దేశ పట్టణాల్లో ఇళ్ల కొరతను 1.878 కోట్లుగా లెక్కగట్టింది. అందులో 1.499 కోట్లు ఇరుకు వల్ల వచ్చిన కొరత. పూర్తిగా ఇల్లు లేనివి దాదాపు 5.3 లక్షల కుటుంబాలే. అంతకు ముందు ఏడాది జనగణనలో పట్టణాల్లో ఖాళీగా కనిపించిన ఇళ్లు కోటీ పది లక్షల పైచిలుకు. ఒకవైపు ఒకే గదిలో ఇరుక్కున్న కుటుంబాలు, మరోవైపు ఖాళీ ఇళ్లు. కొత్తగా కట్టడం ఒక్కటే దీనికి జవాబు కాదు.

చేసి చూపినవాళ్లున్నారు. 2020లో కేంద్రం తెచ్చిన అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకం కింద చండీగఢ్ ఖాళీగా పడి ఉన్న 2,195 ప్రభుత్వ ఇళ్లను అద్దెకు ఇచ్చింది. దేశం మొత్తం మీద ఆ పథకం ఎక్కువ దూరం వెళ్లలేదు, కానీ దారి ఉందని తేలింది. 2024 ఆగస్టులో తమిళనాడు శ్రీపెరుంబుదూర్ దగ్గర వల్లం వడగాల్‌లో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసే ఆడపిల్లల కోసం 18,720 పడకల వసతి సముదాయాన్ని తెరిచింది. పరిశ్రమ కోసం ప్రభుత్వం రోడ్డు వేస్తుంది, కరెంటు తెస్తుంది, నీళ్లు తెస్తుంది. పనిచేసే మనిషి పడుకునే చోటును కూడా అదే జాబితాలో చేర్చారు.

హైదరాబాద్‌లో ఇది ఎంతవుతుంది? కొల్లూరు ఖర్చును ఇళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో ఇంటికి సుమారు తొమ్మిదిన్నర లక్షలు, భూమి కాకుండా. కోకాపేట ఒక్క వేలంలో వచ్చిన డబ్బులో పదో వంతు 332 కోట్లు. అప్పటి ఖర్చు లెక్కన దానితో దాదాపు 3,490 ఇళ్లు వస్తాయి. వాటిని కోకాపేట ఎకరంలోనే కట్టాలని ఎవరూ అనరు. పటాన్‌చెరు, మియాపూర్, ఉప్పల్, ఎల్బీనగర్ వైపు, మెట్రోకో బస్సుకో అందే సర్కారు జాగాల్లో కట్టవచ్చు. అమ్మకూడదు, పట్టా చేయకూడదు. ఇంటికి నెలకు 5,000 అద్దె తీసుకుంటే ఏడాదికి దాదాపు 21 కోట్లు. డబుల్ బెడ్‌రూమ్ కాలనీల్లో లిఫ్టు ఆగితే బాగుచేసేవాళ్లు ఎవరు, మోటారు కాలితే డబ్బు ఎవరివ్వాలి అన్న గొడవ ఇవాళ్టికీ తెగలేదు. అద్దె వచ్చే చోట దానికో పద్దు ఉంటుంది, ఆ పద్దుకు ఒక అధికారి ఉంటాడు. ఎవరికి ఇవ్వాలన్నదానికి జీతం పరిమితి ఒకటి, నగరంలో పనిచేస్తున్న రుజువు ఒకటి చాలు. రేషన్ కార్డు ఏ జిల్లాదన్న ప్రశ్న వద్దు.

దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకా చవకైంది. జీహెచ్ఎంసీ దగ్గర ప్రతి ఇంటి ఆస్తిపన్ను వివరాలున్నాయి. విద్యుత్ సంస్థ దగ్గర ప్రతి మీటరు నంబరుంది. ఏ డివిజన్‌లో ఒక గది, ఒక పోర్షన్, ఒక షేరింగ్ పడక ఎంత పలుకుతోందో ఏడాదికోసారి సర్వే చేసి తెలుగులో, ఉర్దూలో ప్రచురించడం కార్పొరేషన్‌కు పెద్ద ఖర్చు కాదు. కనీస వేతనాల సలహా మండలి కూర్చున్నప్పుడు ఆ అంకెను బల్ల మీద పెట్టాలి. తిండి, బట్టలో 10 శాతం అన్న సూత్రం పక్కన బోరబండ గది కిరాయి కూడా రాసి ఉంటే, కార్మిక సంఘం ప్రతినిధికి అడగాల్సిన ప్రశ్న అక్కడే దొరుకుతుంది, యాజమాన్యం ప్రతినిధి జవాబు చెప్పాల్సి వస్తుంది.